రెక్క కింది చుక్కలు

మసేనమ్మకి ఇరవై ఆరేళ్లు. చేప కనిపిస్తే చాలు, ఎవరూ అడక్కపోయినా దాని పేరు పైకే అనేస్తుంది.

ఆ పేర్లన్నీ నేర్పింది నరసాయమ్మ. ఆ రేవులో అందరికంటే పాత చేపల వ్యాపారి. తను కొన్న బుట్టలోంచి ఒక్కో చేపా తీసి శిష్యురాలి చేతిలో పెట్టేది. తోక దగ్గర పైనా కిందా రంపపు పళ్లలా బుల్లి రెక్కలుంటే అది కానాగంతల జాతి. వాటిలో పొడుగ్గా, ఒంటి నిండా అడ్డచారలతో ఉంటే వంజరం. వీపు ముదురు నీలంగా, ఒళ్లు గుండ్రంగా బిగువుగా ఉంటే సూర, పట్నం వాళ్ల టూనా.

చిక్కు సూరతోనే వచ్చింది. అందులో రెండు రకాలకి వీపు మీద ఒకేలాంటి నల్లటి అలల గీతలుంటాయి. మంచి రకానికి రొమ్ము దగ్గర, రెక్క కింద నల్లచుక్కలు కూడా ఉంటాయి. రెండోదానికి ఉండవు. అది త్వరగా చెడుతుంది, తింటే నోరు దురద పెడుతుంది.

రేవులో జరిగే వేలం పాటలో చేపల్ని వీపు పైకి ఉంచి, పొట్ట కనపడకుండా ఐసులో కూరేస్తారు. మగవాళ్లు కుప్ప చుట్టూ కట్టిన తాడు దాటి వెళ్లి, ఎత్తి, తిప్పి చూసుకుంటారు. ఆడవాళ్లు తాడు ఇవతలే నిలబడి పాడుకోవాలి. పాట ముగిసేలోగా ఆడచెయ్యి పడితే గంగమ్మకి కోపమట. గంగమ్మ ఆడదన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

చుక్కల్లేని సూరని మంచిదనుకుని పాడి మసేనమ్మ మళ్లీ మోసపోయింది. ఆమె దగ్గర సూర కొని తిన్న వీధి ఆమెని చూసి తలుపులు వేసుకుంది. ఇక మిగిలింది ఒక్క వీధి. అదీ పోతే బుట్ట దించి ఇంట్లో కూర్చోవాలి.

"అప్పా, అన్నీ నేర్పావు, ఇదొక్కటి దాచావు," అంది మసేనమ్మ నరసాయమ్మతో, మర్నాడు పాట దగ్గర. "తాడు ఇవతల్నుంచి సూరని పోల్చడం ఎలాగో చెప్పు. వీపు మీద ఏదో గుర్తుండే ఉంటది."

నరసాయమ్మ కుచ్చిళ్లు ఎగదోపి, తాడెత్తి, కింద నుంచి దూరింది.

"ఏయ్ ముసల్దానా!" పాట నడిపే దానయ్య అరిచాడు. "చెయ్యి తియ్యి! ఆడచెయ్యి పడ్డ సరుకు ఎవడు కొంటాడు?"

"నీ పెళ్లి విందుకి చేపలు కోసిన చెయ్యేరా ఇది. ఆవేళ లొట్టలేసుకుంటూ తిన్నావు."

ఎవరో కిసుక్కుమన్నారు.

నరసాయమ్మ ఐసులోంచి ఒక చేపని లాగి పొట్ట పైకి తిప్పింది. రెక్క కింద తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు. ఇంకోటి లాగింది. అదీ అంతే.

"పొద్దుట్నుంచీ చుక్కల సూర, చుక్కల సూర అని గొంతు చించుకుంటున్నావు కదరా. చుక్కలేవి? బొట్టు పెట్టుకునే నల్ల సాదు తెచ్చి నన్ను పెట్టమంటావా?"

దానయ్య ఆ రెండు చేపల్నీ గబగబా ఐసులోకి తోశాడు. నరసాయమ్మ చేతులు దులుపుకుని తాడు ఇవతలికి వచ్చింది.

మసేనమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మరి ముప్పై ఏళ్లూ ఇక్కడ నిలబడి ఎలా పోల్చావప్పా?"

"పోల్చలేదే పిల్లా. మోసపోయాను."

ఆ మర్నాడు పాట మొదలవకముందే మసేనమ్మ తాడు దాటి, కుప్పలోని ప్రతి చేపనీ తిప్పి చూసింది. వచ్చి తప్పు ఒప్పుకోమని రేవు పెద్దలు కబురు పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు.