ఆముదాలు తొక్కిన పుల్లన్న

ఓబులమ్మ పత్తిచేను గట్టున పుల్లన్న అనే ముసలి ఎద్దు ఉండేవాడు. కాడి మోసే వయసు దాటినా ఓబులమ్మ అతణ్ణి సంతకు తోలలేదు. "ఈ ఏడు పత్తి చేతికొస్తే నీ మేతకు లోటుండదు లేరా" అనేది. అందుకే ఆ చేనంటే పుల్లన్నకు ప్రాణం.

చేను చుట్టూ ఆముదం మొక్కల వరుస ఉంది. లద్దెపురుగులు పత్తి జోలికి పోకుండా ఆ వెడల్పాటి ఆకుల మీదే చేరేవి. చుక్కమ్మ అనే కోడి తన పిల్లలతో వచ్చి, పుల్లన్న కళ్లెదుటే వాటిని ఏరుకు తినేది.

ఒక రోజు పొదచాటు నుంచి నక్క వచ్చింది.

"మామా, ఎంత అమాయకుడివి! పత్తికి అందాల్సిన సారం ఆముదాలు లాగేస్తున్నాయి. పురుగుల్ని పిలిచిందీ అవే. ఓబులమ్మ తిండి తిని చూస్తూ ఊరుకుంటావా?"

"నిజమేనంటావా?"

"అబద్ధమాడితే నాకేం లాభం? నేను పత్తి తింటానా, ఆముదం తాగుతానా?"

నక్క వినయం నమ్మి, పుల్లన్న ఆ మధ్యాహ్నమే వరుసంతా తొక్కేశాడు.

వారం తిరక్కుండా పురుగు పత్తికెక్కింది. ఆకులు జల్లెడలయ్యాయి. గట్టున తిండి లేక చుక్కమ్మ పిల్లల్ని వెంటేసుకుని చేను లోపలికి వెళ్లింది. కాసేపటికే అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. తోక ఈకలు సగం లేవు.

"తాతా, నక్క! సాళ్లలో పొంచి ఉంది. పిల్లలు తప్పించుకున్నారు, అదే పదివేలు."

నక్కకు లాభమేమిటో పుల్లన్నకు అప్పుడు తెలిసింది. కళ్లు చెమర్చాయి.

"కంచే చేను మేసినట్టు చేశానమ్మా. నీ పిల్లల ఉసురు నాకే తగిలేది."

"ఊరుకో తాతా. చేను బాగుండాలనేగా తొక్కావు? రేపు నక్కను నేను పిలుస్తాను, నువ్వు కాచుకో."

మర్నాడు పొద్దున పుల్లన్న పత్తిసాళ్ల మధ్య ఒదిగి పడుకున్నాడు. చుక్కమ్మ అతని ముందు నిలబడి కొక్కొక్కో అంది. నక్క ఎగిరి దూకింది. కోడి పక్కకు తప్పుకుంది, కొమ్ములు పైకి లేచాయి.

"ఆగు మామా! నీ మేలు కోరినదాన్ని!"

"అందుకేరా, బదులు తీరుస్తున్నా!"

ఒక్క విసురుకు నక్క గట్టు దాటి ముళ్లకంపలో పడింది.

ఆనాటి నుంచి పుల్లన్న సాళ్లలో ముందు నడిచేవాడు. చుక్కమ్మ, పిల్లలు వెనకే పురుగులు ఏరేవాళ్లు. పత్తి సగమే దక్కింది. పుల్లన్న తలవంచుకుని సంతకు సిద్ధపడ్డాడు. ఓబులమ్మ మాత్రం గుప్పెడు ఆముదం గింజలు తెచ్చి, "పద, మళ్లీ గట్టున నాటుదాం" అంది. ఇంకా ముళ్లు పీక్కుంటూనే ఉన్న నక్క ఆ మాట విని ఊరి పొలిమేర దాటిపోయింది.

నీ చీడను తన మీద వేసుకునేవాణ్ణి కలుపనుకుని తొక్కెయ్యకు.