నీళ్ళ గిన్నెలో పాకం చుక్క

"నాంచారీ! ఓ నాంచారీ! రాజుగారి వియ్యాలవారు ఏరు దాటేశారట. అరిసెలేవీ?"

అనగనగా మల్లెలకోటలో, పొగ కూడా తియ్యగా ఉండే ఒక వంటశాలలో వినిపించిన కేక ఇది. అరిచినవాడు వంటశాల పెద్ద భీమలింగం. ఉలిక్కిపడింది అరిసెలు వండే నాంచారి. వియ్యాలవారు వచ్చేలోగా నూటపదహారు అరిసెలు కావాలి. లేదంటే, తల్లి నాటి నుంచి తమదైన ఆ పొయ్యి ఇంకొకరి పాలవుతుంది.

కంగారులో మంట ఎగదోసింది. పాకం ముదిరి, మాడి, రాయైపోయింది.

"నాంచారీ! మామిడితోట కూడా దాటేశారు. పాకం పడుతున్నావా, పెళ్ళికి ముస్తాబవుతున్నావా?"

మళ్ళీ ముదిరిపోతుందేమోనని ఈసారి ముందే దించేసింది. నేతిలో పడగానే అరిసెలు విచ్చిపోయాయి.

ఇక మిగిలింది ఒక్క కుండెడు బెల్లం.

"నాంచారీ! పల్లకీలు కోటగుమ్మం దగ్గరికి..."

నాంచారి పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగింది. చల్లటి నీళ్ళతో మొహం కడుక్కుంది. గుండె దడ తగ్గేదాకా అలాగే నిలబడింది. 'నూటపదహారు సంగతి తర్వాత. ముందు ఈ ఒక్క పాకం' అనుకుంది.

బెల్లం కరిగి బుడగలు లేచాక, నీళ్ళ గిన్నె తెచ్చి భీమలింగం చేతిలో పెట్టింది.

"కాస్త పట్టుకోండి అయ్యగారూ. ఇందులో పాకం చుక్క వేస్తాను. ఉండ కడితే దించేయాలి."

గిన్నె గడగడా వణికింది. నీళ్ళు చిందాయి.

"ఇలా ఊపేస్తే నాకు ఉండ ఎలా కనబడుతుంది? కాస్త ఊపిరి పీల్చుకోండి."

భీమలింగం ఊపిరి పీల్చాడు, వదిలాడు. మెల్లగా నీళ్ళు నిలిచాయి. చుక్క పడింది. సంజెపొద్దు సూర్యుడిలా ఎర్రగా, గుండ్రంగా నిలిచింది.

పిండి కలిసింది. అరిసెలు పొంగాయి. వియ్యాలవారు పల్లకీలు దిగి, కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి పళ్ళాలు నిండాయి.

రాజు వంటశాలకు వచ్చి ఒక అరిసె తుంచాడు. వెన్నలా తునిగింది.

"ఇంత హడావుడిలో ఇంత మెత్తగానా? ఈ పొయ్యి నీదే నాంచారీ, నీ తర్వాత నీ బిడ్డలది" అని తన వేలి ఉంగరం తీసి ఇచ్చాడు. "మరి ఇందాక మాడు వాసన వచ్చిందే, అదెవరి చలవ?"

నాంచారి నోరు తెరిచేలోగా భీమలింగమే ముందుకొచ్చాడు.

"నాదే ప్రభూ. భయం నాది. దాన్ని కేకలు చేసి ఈమె పొయ్యిలో ఎగదోశాను. గిన్నె నా చేతికొచ్చాక గానీ తెలియలేదు, వణుకుతున్నది నేనని. పని ముంచుకొచ్చినప్పుడు పెంచాల్సింది మంట కాదు ప్రభూ, నిలుపుకోవాల్సింది మనసు."