గుట్ట మీది ఊదా పువ్వు

ఒక పాత విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్ర శాఖలో దివాకరం అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. తెలివైనవాడే కానీ, తనకు తెలిసింది ఇంకొకరికి తెలిస్తే సొమ్మేదో పోయినట్టు బాధపడేవాడు. తుమ్మినా రహస్యంగానే తుమ్ముతాడని తోటివాళ్లు నవ్వుకునేవారు.

ఆ శాఖలో ఎండు మొక్కల గది ఒకటి ఉండేది. విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాది నుంచీ దొరికిన మొక్కల్ని ఎండబెట్టి, అట్టకు కుట్టి, ఎక్కడ ఎప్పుడు దొరికాయో చీటీ రాసి అతికించి అందులో దాచేవారు. 'గ్రంథాలయానికి పునాది తీస్తున్న చోట, ముళ్లపొదల మధ్య' అన్న చీటీ కూడా అక్కడ ఉంది. ఓపిగ్గా చదివితే ఆ ఆవరణ చరిత్రంతా ఆ చీటీల్లోనే దొరుకుతుంది.

ఒకరోజు హాస్టల్ వెనక రాళ్లగుట్ట మీద దివాకరానికి ఊదారంగు పూల చిన్న మొక్క కనిపించింది. ఏ పుస్తకంలోనూ దాని పేరు లేదు. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అయితే నియమం ప్రకారం ఒక మొక్కను ఆ గదికి ఇచ్చి తీరాలి. చీటీలో నిజం రాస్తే తనతో పరిశోధన చేసే సలోమి గుట్టెక్కి, తనకన్నా ముందే దాని గురించి రాసేస్తుందని భయపడ్డాడు. అందుకని నలభై మైళ్ల అవతలి అడవి పేరు రాశాడు.

అట్టలు కుట్టే ముత్యాలమ్మ మొక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంటి బాబూ, వేళ్లకి ఎర్రమట్టుంది? ఆ అడవిలో అంతా నల్లరేగడేగా!" అంది.

"నీకెందుకమ్మా? నువ్వు కుట్టు" అన్నాడు దివాకరం.

ఆర్నెల్లు గడిచాయి. ఆ గుట్టను చదును చేసి కొత్త ప్రయోగశాల కట్టాలనుకున్నారు పెద్దలు. అక్కడ అరుదైన మొక్కలేమైనా ఉన్నాయా అని వృక్షశాస్త్ర శాఖను అడిగారు. అప్పుడు దివాకరం ఊళ్లో లేడు. సలోమి వారం రోజులు కూర్చుని చీటీలన్నీ వెతికింది. గుట్ట పేరున్న అరుదైన మొక్క ఒక్కటీ కనిపించలేదు. దాంతో శాఖకు పెద్ద అయిన ఆచార్యులు 'ఏమీ లేవు' అని సంతకం పెట్టారు.

దివాకరం తిరిగొచ్చేసరికి గుట్ట మీద బుల్‌డోజర్ తిరుగుతోంది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మొక్క పోతుంది. చివరికి ఆచార్యుల గదికి పరుగెత్తాడు.

"సార్, ఆపించండి! నా మొక్క ఆ గుట్ట మీదే ఉంది. చీటీలో అబద్ధం రాశాను."

"ఎందుకు రాశావయ్యా?"

"సలోమికి తెలియకూడదని, సార్."

సలోమి అక్కడే ఉంది. "నాకు తెలిసుంటే పని మొదలవకముందే ఆపించేదాన్ని కదా!" అంది. దివాకరం సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆచార్యులు ఫోన్ చేశారు. పని ఆగింది. కానీ అప్పటికే సగం గుట్ట పోయింది. మిగిలిన సగంలో సలోమి మోకాళ్ల మీద పాకుతూ వెతికి, ఏడు మొక్కలు చూపించింది. వాటి చుట్టూ కంచె వేశారు. ప్రయోగశాల పక్క స్థలానికి జరిగింది.

దివాకరం పాత చీటీ పీకేయబోతే ముత్యాలమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ బాబూ. పక్కన నిజం కూడా రాయి" అంది. అతను బుద్ధిగా రాశాడు: 'పై చీటీ అబద్ధం. ఈ మొక్క హాస్టల్ వెనక గుట్టది. మొదట చూసింది దివాకరం, బతికించింది సలోమి.' రాశాక అతని మనసు తేలికపడింది. ఆ ఏడాది వానలకు ఏడు మొక్కలు ముప్పై అయ్యాయి. కంచెలోకి మేకలు దూరకుండా హాస్టల్ పిల్లలే చూసుకునేవారు.

నీతి: నలుగురికీ తెలిసినదాన్ని నలుగురూ కాపాడతారు, ఒక్కడే దాచుకున్నదానికి, ఆ ఒక్కడూ ఊళ్లో లేనినాడు దిక్కుండదు.