అవతలి పిడి

తమ్ముడు పోయాక గవరయ్య రంపం ముట్టుకోలేదు.

నెల తిరక్కుండానే తుఫాను వచ్చిపడింది. జీడి, మామిడి, పనస, ఏది మిగలనిచ్చింది గనక! కోత మిషన్లన్నీ తారురోడ్డు మీద పడ్డ చెట్లు తియ్యడానికి పోయాయి. సందుల్లో పడ్డవాటిని పట్టించుకునే నాథుడు లేడు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టి లాగే పెద్ద రంపం ఊరంతటికీ గవరయ్య దగ్గరే ఉంది. జనం వచ్చి బతిమాలారు, గడ్డం పట్టుకున్నారు. "నా వల్ల కాదు, ఎల్లండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తమ్ముడి ఇంటి గుమ్మానికి అడ్డంగా పనసచెట్టు పడిందని కూడా చెప్పారు. మరదలు తౌడమ్మ నీళ్ళబిందె ముందుకి తోసుకుంటూ, దాని కింద నుంచి పాక్కుంటూ ఇంట్లోకి పోతోందట. అయినా లేవలేదు. లేవలేకపోయాననే బాధ మళ్ళీ వేరే!

నాలుగు రోజులు అలా గడిచాయి. ఐదో రోజు పొద్దున్నే రంపం భుజాన వేసుకుని గురువు కూర్మయ్యగారి పాకకి పోయాడు.

కూర్మయ్యగారు ఒకప్పుడు నేతపని చేసినాయన. డెబ్బై ఎనిమిదేళ్ళు. జీడితోటలో పాక వేసుకుని, వచ్చిన నలుగురికీ తత్వాలు చెబుతూ ఉంటారు. గవరయ్యా, తమ్ముడు అప్పలసూరీ ఇద్దరూ ఆయన శిష్యులే. ఏటేటా ఆయన పొయ్యికి కట్టెలు కోసిపెట్టేది కూడా వాళ్ళే. వాళ్ళు కోస్తున్నంతసేపూ ఆయన అరుగు మీద కూర్చుని ఊరికే చూస్తూ ఉండేవారు.

గవరయ్య రంపం తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"దీన్ని పాత ఇనుం వోడికి ఇచ్చీండి బాబూ. నాకొద్దు."

"ఏమైందిరా?"

ఏమైందో చెప్పడానికి గవరయ్యకి చాలాసేపు పట్టింది.

ఇరవై రెండేళ్ళు అన్నదమ్ములిద్దరూ ఆ ఒక్క రంపాన్నే లాగారు. ఆఖరి రోజు కరణంగారి దొడ్లో మామిడిదుంగ కోస్తున్నారు. రంపం ఎంతకీ నడవదు. అంత బరువు గవరయ్య ఎన్నడూ ఎరగడు. ఒళ్ళు మండిపోయి పదిమంది ముందూ నోరు పారేసుకున్నాడు.

"రంపం మీద ఎక్కి కూకున్నావేట్రా? ఇన్నేళ్ళూ నీ బరువు కూడా నానే లాగినాను. సిగ్గునేదా నీకు?"

సూరి కిక్కురుమనలేదు. తల వంచుకుని దుంగ తెగేదాకా లాగాడు. ఇంటికి పోయి, గుండెలో ఏదో పట్టేసినట్టుందని పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు.

"ఆడికి బాగోనేదని నాకు తెలీదు బాబూ," అన్నాడు గవరయ్య. "నాను ఆడితో అన్న ఆఖరి మాట అదే. ఆడు మనసులో ఏటీ పెట్టుకోకుండా పోనాడంటారా? అదొక్కటీ చెప్పండి. మరేటీ అడగను."

కూర్మయ్యగారు లేచి కండువా తలకి చుట్టుకున్నారు.

"తౌడమ్మ ఇంటికి పద. రంపం తే."

"నాను కోయనేను బాబూ."

"కొయ్యమన్నానా? తెమ్మన్నాను."

తౌడమ్మ ఇంటి ముందు పనసచెట్టు వేళ్ళతో సహా లేచి గుమ్మానికి అడ్డంగా పడుంది. కాయలు చితికి ఈగలు ముసురుతున్నాయి. మాను వెనక, చీకటి గదిలోంచి తౌడమ్మ వీళ్ళని చూసింది. గురువుగారికి దణ్ణం పెట్టింది. బావగారిని చూసి కొంగు సర్దుకుని గోడ వారకి తప్పుకుంది.

పనసపాలు రంపం పళ్ళకి అంటుకుంటే కోత నడవదు. గవరయ్య అలవాటు కొద్దీ కిరసనాయిలు గుడ్డతో రంపం తుడిచాడు, కోత ఎక్కడ పడాలో గీత గీశాడు. తల ఎత్తేసరికి గురువుగారు ఒక పిడి పట్టుకుని నిలబడి ఉన్నారు. చివర ఇత్తడి పొన్ను తొడిగిన పిడి.

"అది నా పిడి బాబూ. పెద్దోడిదని అయ్య పొన్ను ఏయించినాడు."

"ఈ పూటకి నాది. నువ్వు అవతలికి పో."

కాదనలేక మాను దాటి అవతలికి పోయాడు. అటుపక్క నేల పల్లం. కాలు నిలవదు. సూరి ఎప్పుడూ ఈ అవతలి పిడి దగ్గరే నిలబడేవాడు. గవరయ్య ఆ పిడి మీద చెయ్యి వేశాడు. తమ్ముడి చేతిలో అరిగి అరిగి అది సన్నబడిపోయింది.

"లాగు," అన్నారు గురువుగారు.

పదిసార్లు లాగేసరికి గవరయ్యకి ఆయాసం వచ్చింది. ఇదేం బరువు! ముసలాయన తన వంతు బాగానే లాగుతున్నారు గానీ, గవరయ్య వంతు వచ్చినప్పుడు పిడి వదలడం లేదు.

"బాబూ, లాగీసాక చెయ్యి ఒదులు చెయ్యాల. నా వంతులో మీరు బిగబట్టకూడదు."

"ఊఁ," అన్నారు గురువుగారు. బిగబట్టారు.

ఇంకో పది లాగాక గవరయ్య మళ్ళీ ఆగాడు. "కిందకి నొక్కీకండి బాబూ. నొక్కితే ఇటేపు లాగీవోడు చచ్చిపోతాడు."

"ఊఁ." నొక్కారు.

కోత మూసుకుపోకుండా అందులో చీల దిగ్గొట్టారు. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టారు. గవరయ్య భుజం గూడు దగ్గర సూదులు పెట్టి పొడిచినట్టుంది. పల్లంలో కాలు జారుతోంది. చెమట కళ్ళల్లోకి దిగింది. ఎదుట ఉన్నది గురువన్న సంగతే మరిచిపోయాడు.

"రంపం మీద ఎక్కి కూకున్నారేటి!" అని అరిచాడు.

అరిచాక ఆ మాట ఎక్కడిదో తెలిసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గురువుగారికి కోపం రాలేదు. ఆయనా రొప్పుతున్నారు. కండువా కొసతో మొహం తుడుచుకున్నారు.

"నాకు కోతపని ఏం తెలుసురా గవరా? మగ్గం ముందు బతికినవాణ్ణి. నిన్ను చూసి నేర్చుకున్నదే ఇదంతా. అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి కదా. నువ్వెలా పడతావో అలాగే పట్టాను. తప్పుంటే చెప్పు, దిద్దుకుంటాను."

గవరయ్య ఆ చేతుల వంక చూశాడు. బొటనవేలు పొన్ను మీద బిగించి పట్టడం తనదే. మోచేతులు బార్లా పెట్టి, ఒళ్ళంతా ముందుకి వాల్చి నొక్కడం తనదే. తేడా ఎక్కడుందని చెబుతాడు?

ఆ పల్లంలోనే కూలబడ్డాడు.

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు. "నాతో ఒక్కమాట అననేదు బాబూ ఆడు. ఒక్కమాట!"

గదిలోంచి తౌడమ్మ గొంతు వినిపించింది. ఆ మనిషి బావగారి ఎదట నోరు విప్పి ఎరగదు.

"నాతో అనీవోడు బావా. 'అన్న చెయ్యి బరువే' అని నవ్వీవోడు. భుజానికి ఆముదం రాయమనీవోడు. మరి బావకి చెప్పొచ్చు కదా అంటే, 'చెప్తే అన్న జంకుతాడే, పెద్దోడు జంకకూడదు' అనీవోడు. కోడి కూయకముందే లేచి, మళ్ళీ ఆ రంపానికే ఆకురాయి పెట్టి పదును చేసుకునీవోడు."

గోడ వార నుంచి గుమ్మంలోకి వచ్చింది.

"ఆ రేతిరి కూడా ఆముదం రాసినాను బావా. ఆ రేతిరీ అదే మాటన్నాడు. అలాగే నవ్వినాడు."

గవరయ్య ఏడ్చాడు. తమ్ముణ్ణి మట్టిచేసిన రోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. మగవాడు, పెద్దవాడు, వీధిలో నలుగురూ చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా, దుంగకి నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గురువుగారు ఓదార్చలేదు. పిడి పట్టుకుని అలాగే నిలబడ్డారు.

చాలాసేపటికి, "దుంగ సగమే తెగిందిరా," అన్నారు.

గవరయ్య లేచాడు. భుజం తడుముకున్నాడు.

"నీకు అలవాటు లేని చోటు. పిడి మార్చుకుందామా?"

"వద్దు బాబూ. నాను ఇటే ఉంటాను."

మళ్ళీ మొదలుపెట్టారు. గురువుగారు ఎప్పటిలాగే బిగబట్టారు, ఎప్పటిలాగే నొక్కారు. గవరయ్య ఒక్కమాట అనలేదు. తౌడమ్మ గుమ్మం తెరుచుకునేదాకా లాగాడు.