చిన్న కొట్టు, పెద్ద అరుగు

అనగనగనగా ఏటి ఒడ్డున గోగులపాడని ఓ ఊరర్రా. ఆ ఊళ్ళో కోటయ్యశెట్టి అని ఓ ముసలాయన. ఆయనకో బుల్లి కొట్టు. ఎంత బుల్లిదంటే, ఆయన లోపల కూర్చుంటే ఇంక పిల్లి పడుకోడానికి కూడా చోటుండదు. కొట్టు ముందు మాత్రం ఇంత పొడవు అరుగు. ఇంట్లో కోడలు సుబ్బరత్నం. కొడుకా? వాడు పడవల మీద సరుకు తోలుతాడులే, వాడితో మనకి పనిలేదు.

ఇలా ఉండగా ఏటి అవతల పేటలో మాణిక్యంశెట్టి అనే ఆయన పేద్ద కొట్టు తెరిచాడు. దూరమా? ఇసకలో నడిచి నడిచి పిక్కలు పట్టేసేంత దూరం. అయినా జనం కోటయ్య కళ్ళముందు నుంచే సంచులు పుచ్చుకుని అక్కడికే పోవడం! ఈయనేమో ఈగలు తోలుకోవడం.

ఓ పొద్దున ముసలాయన కొట్టు తలుపులు మూసేశాడు.

"ఆ మాణిక్యం దగ్గరే గుమాస్తాగా చేరతానమ్మా, ఏం చేస్తాం" అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

 సంత రోజు దాకా ఆగమని సుబ్బరత్నం బతిమాలితే సరేనన్నాడు. ఊ కొడుతున్నారా? ఒరే, చెల్లెలి మీంచి కాలు తియ్యి.

అంతలో పక్కింటి సీతాలు పేట నుంచి ఉప్పు సంచి మోసుకుని రొప్పుకుంటూ వచ్చింది.

"ఏమ్మా సీతాలూ, ఉప్పు మా కొట్లో లేదా, అంత దూరం నుంచి మోసుకొచ్చావు?" అని అడిగింది సుబ్బరత్నం.

"ఉప్పు కోసం ఎవరెళ్ళారక్కా! గాజులకెళ్ళాను. గాజులు కొన్నచోటే పసుపు కొన్నాను, పసుపు కొన్నచోటే పప్పు కొన్నాను, పప్పు కొన్నచోటే ఉప్పు కొన్నాను. మళ్ళీ ఇంకో గుమ్మం ఎవరెక్కుతారు?"

ఓహో, ఇదా సంగతి అనుకుంది సుబ్బరత్నం. మర్నాడు ఏరు దాటబోతున్న గాజుల మస్తానుని పిలిచింది, చీరల మూట వీరన్నని పిలిచింది, నూనె కుండల వెంకాయమ్మని పిలిచింది. చల్లటి మజ్జిగిచ్చి, ఆ ఇసకలో మోత ఎందుకు, మా అరుగు మీదే అమ్ముకోండంది.

మామగారు ఉలిక్కిపడ్డాడు. "మన అరుగు మీద పరాయివాళ్ళ బేరాలా?"

"వాళ్ళు కూర్చుంటే మన కొట్టే పెద్దదవుతుంది మావయ్యా. జనానికి దగ్గరగా ఎలాగూ ఉంది."

సంత రోజొచ్చింది, కోటయ్య మళ్ళీ కొట్టు తలుపులు తీశాడు. గాజులకొచ్చిన వాళ్ళు పసుపు కొన్నారు, చీరకొచ్చిన వాళ్ళు చింతపండు కొన్నారు. చంటిపిల్లల తల్లులొచ్చారు, కర్రలు పట్టుకుని ముసలమ్మలొచ్చారు, పొరుగూళ్ళ బళ్ళొచ్చాయి. కోటయ్య పొట్లం మీద పొట్లం కడుతూనే ఉన్నాడు, చేతులు ఖాళీ లేవు! సుబ్బరత్నం గుండె పొంగిపోయింది.

నాలుగు సంతలు తిరిగేసరికి మాణిక్యంశెట్టే బండి కట్టుకుని వచ్చాడు. ఏరు ఇవతలి వాళ్ళెవరూ రావట్లేదు, నా ఇత్తడి సామాన్లకి మీ అరుగు మీద ఓ మూల ఇప్పించమ్మా అన్నాడు. మావయ్యనడగండి అంది సుబ్బరత్నం, నవ్వు ఆపుకుంటూ.

కోటయ్య మీసం సర్దుకుని, నిటారుగా కూర్చుని, ఊరంతా వినేలా అన్నాడు: "కాస్త జరగండర్రా, శెట్టిగారికి చోటివ్వండి!"

చూశారా, పదిమందికి చోటిస్తే మన చోటు తరగదు, పెరుగుతుంది. కథ కంచి దారి పట్టింది, మీరింక దుప్పట్లో దూరండి.