నున్నగా కోసిన కొయ్యమేకులు

తాను కట్టిన ఇంటి అతుకులు విచ్చుకుంటున్నాయి. అది చూసిన దగ్గర్నుంచి ఎస్బెర్న్‌కు ముద్ద దిగడం లేదు.

డెన్మార్క్ తీరంలో ఒక రేవు పట్నం. పూర్వం అక్కడి వర్తకుల ఇళ్లకు మొదట ఓక్ దూలాలతో చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీల్లో ఇటుక పేర్చేవారు. దూలాన్ని దూలానికి బిగించేది కొయ్యమేకులే. ఎస్బెర్న్ సొంతంగా కట్టిన మొదటి ఇల్లది. ధాన్యం వర్తకం చేసే కిర్‌స్టినె అనే వితంతువు పిల్లలతో అందులో దిగింది. తెల్లారితే అటక మీదికి బార్లీ బస్తాలు ఎక్కిస్తారు.

పని నేర్పిన ముసలి మేస్త్రి ఓలుఫ్ దగ్గరికి పరిగెత్తాడు.

"మేస్త్రిగారూ, స్తంభానికీ దూలానికీ మధ్య నా వేలు దూరుతోంది. సున్నం కూరి రంగు వేసేయనా?"

"పచ్చి ఓక్ ఎండితే ముడుచుకోదట్రా? మేకులు ఇంకాస్త లోపలికి కొట్టు, అతుకు బిగుసుకుంటుంది."

ఎస్బెర్న్ తల దించుకున్నాడు. "కొట్టడానికి తలలు లేవండీ. బయటికి పొడుచుకొచ్చినవన్నీ రంపంతో కోసేశాను. పక్కన రాతి మేడలు కట్టేవాళ్లు ఆ ఇంటిని ముళ్లపంది అని నవ్వుతుంటే సిగ్గేసింది."

"ఎవడో నవ్వాడని ముక్కు కూడా కోసుకుంటావా!"

"ఇప్పుడు మేకులు మార్చాలంటే కిర్‌స్టినెగారికి చెప్పాలి. ఊరంతా పాకుతుంది. ఇంకెవరు పనిస్తారు నాకు?"

ఓలుఫ్ లేచాడు. తన ఇంటి ముందుగోడ దగ్గరికి నడిచాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన మేకుకు ఆయన టోపీ వేలాడుతోంది. దాన్ని తీసి నెత్తిన పెట్టుకుని, శిష్యుడి చేతికి కొయ్యసుత్తి ఇచ్చాడు.

"కొట్టు."

కొట్టాడు. దూలం మూలిగింది. మేకు కాస్త లోపలికి దిగింది. ఇంకా కొంత బయటే ఉంది.

"ఈ ఇల్లు ఎవరు కట్టారండీ?"

"మా నాన్న. ఇంకా కడుతూనే ఉన్నాం."

ఎస్బెర్న్ మళ్లీ సున్నం మాట ఎత్తలేదు.

నలుగురూ నవ్వుతారన్న భయం ఎంత పాడుదో! నెత్తిన ఇల్లు కూలుతుందని తెలిసినా నోరు తెరవనివ్వదు. కిర్‌స్టినె గుమ్మం ముందు ఆగి, తలుపు తట్టాడు.

"అమ్మగారూ, రేపు బస్తాలు ఎక్కించకండి. మేకులు మార్చేదాకా పిల్లల్ని ఈ ఇంట్లో పడుకోబెట్టకండి. తప్పు నాదే."

ఆమె పైకప్పు వైపు చూసింది. పిల్లల్ని బయటికి పిలిచింది.

దూలాల కింద ఊతకర్రలు పెట్టి, పాత మేకులు ఒక్కొక్కటే ఊడగొట్టి, కొత్తవి బిగించాడు. వాటి తలలు బెత్తెడు బయటికి వదిలాడు.

"ముళ్లపందికి మళ్లీ ముళ్లొచ్చాయిరోయ్!" పక్క మేడ పరంజా మీంచి ఎవడో అరిచాడు. వీధంతా నవ్వింది. ఎస్బెర్న్ చెయ్యి రంపం మీదికి వెళ్లి ఆగిపోయింది.

గుంపులోంచి ఓలుఫ్ ముందుకొచ్చాడు. టోపీ తీసి, చేతికందిన కొత్త మేకుకు తగిలించాడు.