వాగవతలి గూళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సింహం లేదు, నక్క లేదు. రాజుగారి కథ అనుకుని కూర్చున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను. అక్కడున్నదల్లా ఒక వాగు, వాగు మీదికి వంగిన తుమ్మచెట్లు, ఆ చెట్ల నిండా గిజిగాళ్లు.

గిజిగాడు తెలుసు కదా? సొరకాయ బుర్రలాంటి గూడు అల్లి కొమ్మకు వేలాడదీసే పిట్ట. మగపిట్ట పచ్చి రెల్లు ఆకును సన్నగా చీరి, ముడులు వేసి, సగం గూడు అల్లి ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి ముక్కుతో గట్టిగా లాగి చూస్తుంది. పోచ జారిందా, మారుమాట లేకుండా ఎగిరిపోతుంది. మనింట్లో కూరలో ఉప్పు తక్కువైందని అలా లేచిపోయే ధైర్యం ఎవరికైనా ఉందా?

వాటిలో బంగారప్ప అని ఒక కుర్ర గిజిగాడు ఉండేవాడు. తల పసుపు ముద్దలా మెరిసేది. అల్లిక మాత్రం అంతంతమాత్రం. చుక్కమ్మ అనే పిట్ట కోసం మూడు గూళ్లు అల్లాడు. ఆమె మూడింటినీ లాగింది. మూడూ ఊడి ఆమె ముక్కుకే వచ్చాయి. అయినా చుక్కమ్మ మనసు అతని మీదే ఉందిలెండి. నాలుగోది అల్లమని చెప్పి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే వాగవతలి అడవి నుంచి ఒక కొంగ వచ్చింది. కాలికి ఒక గూడు తగిలించుకుని తెచ్చింది. నున్నని గూడు, ఎంత లాగినా కదలని గూడు. తమ వైపు పిట్టలు ఇలాంటివి కుప్పలుగా అల్లుతున్నాయని, ఒక మోపు పచ్చి రెల్లు ఇస్తే ఒక గూడు ఇస్తానని చెప్పింది. బంగారప్పకు అప్పటికే ముక్కు నొప్పి. వెంటనే ఒప్పుకున్నాడు. చుక్కమ్మ గూటిని లాగి చూసింది, లోపలికి దూరింది, అక్కడే కాపురం పెట్టేసింది.

అది చూసి పక్క కొమ్మలవాళ్లూ తెప్పించుకున్నారు. మొదట అల్లడం రానివాళ్లు, తర్వాత తీరిక లేనివాళ్లు. చివరికి చక్కగా అల్లేవాళ్లు కూడా, మనకెందుకీ తిప్పలు అనుకున్నారు. ఇదివరకు పిల్ల గిజిగాళ్లు ఆటగా గడ్డిపరకలకు ముడులు వేసేవి. ఇంట్లో వేసేవాళ్లే లేకపోయేసరికి వాటికి ఆ ఆటే తోచలేదు. ఒడ్డున ఉన్న పొడుగు రెల్లంతా మోపులై అవతలికి పోయింది, గూళ్లై తిరిగొచ్చింది. ఇది మన రెల్లే కదా అని ఒక్క పిట్టా అనలేదు.

కొన్ని వానాకాలాలు హాయిగా గడిచాయి. ఒక ఏడు, పాత గూళ్లన్నీ చివికి రాలిపోయాక, కొంగ ఉత్త కాళ్లతో వచ్చింది.

"ఈసారి గాలివానకు మా గూళ్లే తెగిపోయాయి తమ్ముడూ. మావాళ్లకు పెట్టుకున్నాకే మీకు" అంది. అందులో ఎగతాళి లేదు. ఉన్నమాట చెప్పి వెళ్లిపోయింది.

చుక్కమ్మ ఇవాళో రేపో గుడ్లు పెట్టాలి. బంగారప్ప ఒకప్పటి మంచి అల్లికగాళ్ల దగ్గరికి పరుగెత్తాడు. వాళ్లూ ముడి ఎటు తిప్పాలో తెలియక పోచలు నములుతూ కూర్చున్నారు. ఒడ్డున మిగిలింది పొట్టి గడ్డే. దానితోనే మొదలుపెట్టాడు. మొదటి గూడు అల్లుతుండగానే విడిపోయింది. రెండోది చిన్న గాలికే విప్పుకుంది. మూడోది నిలిచింది, చూడ్డానికి.

చుక్కమ్మ వచ్చి దాని ముందు వాలింది.

"లాగి చూడు" అన్నాడు బంగారప్ప.

"వద్దులే."

"జారితే మళ్లీ అల్లుతాను."

"లాగితే ఊడుతుందని నాకు తెలుసయ్యా. ఊడితే గుడ్లెక్కడ పెట్టను?" అంది చుక్కమ్మ. లాగకుండానే లోపలికి వెళ్లింది.

గుడ్లు పెట్టిన మర్నాడే మబ్బు పట్టింది. గాలి లేచింది. ముడులు ఒక్కొక్కటే జారాయి. చుక్కమ్మ ఎలాగో ఎగిరి బయటపడింది. గుడ్లకు రెక్కలుండవు కదా. గూడు వాగులో పడి, కాసేపు తేలి, మునిగిపోయింది.

ఇక్కడ నేనేదో చమత్కారం చెబుతానని చూడకండి. నా దగ్గర లేదు.

బంగారప్ప చాలాసేపు నీళ్లవైపే చూశాడు. "ఆ నాలుగో గూడు అల్లి ఉంటే నాకు వచ్చేదేమో చుక్కా" అన్నాడు. ఆమె అతని పక్కకు జరిగి కూర్చుంది.

వానలు వెళ్లాక కొంగ మళ్లీ వచ్చింది. ఈసారి రెండు కాళ్లకూ గూళ్లే. ఇప్పుడు బోలెడున్నాయని, చెల్లెమ్మకైతే ఊరికే ఇస్తానని ఎంతో ప్రేమగా చెప్పింది.

"మంచిది కొంగన్నా" అంది చుక్కమ్మ. "గుడ్లు కూడా తెచ్చావా?"

నీతి: కావలసింది పొరుగు నుంచి తెచ్చుకోవచ్చు. కానీ అది లేనిదే మన పిల్లలు బతకరంటే, దాన్ని చేసే పని మన ఇంట్లో ఆగిపోకూడదు.